నవ్వు వినిపించాలి

ఇల్లు
ఆదివారం మధ్యాహ్నం

వదినా,

ఉత్తరం రాసే అలవాటు ఎప్పుడో పోయింది. పెన్ను పట్టుకుంటే వేలు లాగుతోంది. ఫోన్ చేద్దామంటే మీ డాక్టరు వద్దన్నాడట. ఫోను మోగినప్పుడల్లా నీ చేతులు ఎలా వణికేవో కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నేనూ వద్దనే అంటాను. అందుకని నా కోడిగీతలు నువ్వు భరించక తప్పదు.

ముందు నీ కూతురి సంగతి. బొంగరం బాగుంది. పేరు పెట్టినందుకు ఇల్లంతా తిరుగుతూనే ఉంది. నిన్న నా జడ తనే వేస్తానని పట్టుబట్టి, విప్పడానికి సాయంత్రం దాకా పట్టేలా చిక్కులు వేసింది. అన్నయ్య లారీ ఎక్కి మళ్ళీ దూరం లోడుకి వెళ్ళాడు. వచ్చేసరికి నెల తిరుగుతుందేమో. పిల్ల గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు. నేనున్నాను.

ఇప్పుడు అసలు కబురు. నాకు ఉద్యోగం వచ్చింది! ఫొటో స్టూడియో మూతపడ్డాక ఇన్నాళ్ళకి. ఎక్కడో చెప్తే కుర్చీలోంచి పడిపోతావు. మీ ఫోన్ కంపెనీలోనే, మీ సెక్షన్‌లోనే. కనెక్షన్ వద్దనుకున్నవాళ్ళు ఫోన్ చేస్తారు చూడు, అక్కడే. ఇంకా విను. ఖాళీగా ఉన్నది అదొక్కటేనని నీ సీటే ఇచ్చారు, స్తంభం పక్కది. నువ్వు సెలవు నుంచి తిరిగొచ్చేదాకానేలే. నీ కుర్చీ చేతికి నువ్వు చుట్టిన నీలం రిబ్బను ఇంకా అలాగే ఉంది. దాన్ని పట్టుకుంటే నువ్వు పక్కనే ఉన్నట్టుంది.

మీ టీమ్ లీడర్ ఎంత తియ్యగా మాట్లాడుతుందో! అందరూ ఆమెని చాటుగా 'తేనెసీసా' అంటారట కదా, నాకెప్పుడూ చెప్పలేదేం? ప్రతి టేబుల్ మీదా ఆ అద్దం ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆమే చెప్పింది: "నవ్వుతూ మాట్లాడితే అవతలివాళ్ళకి నవ్వు వినిపిస్తుందమ్మా. అద్దంలో చూసుకుంటూ మాట్లాడు. నవ్వు వినిపించాలి." స్టూడియోలో నేను అందర్నీ 'కొంచెం నవ్వండి' అని ఊదరగొట్టేదాన్ని. ఇప్పుడు నా వంతు వచ్చింది.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? అక్కడ హాయిగా నిద్ర పడుతోందా?

నీ
పిచ్చుక


అక్క వాళ్ళ ఇల్లు, సైకిల్ షాపు మీద గది
బుధవారం

పిచ్చుకా,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. కానీ ఆ సీటు వద్దని అడుగు. ఇంకెక్కడైనా ఇవ్వమను. కారణం అడిగితే స్తంభం అడ్డమొస్తోంది, మెడ పట్టేస్తోంది అని చెప్పు.

నేను బాగానే ఉన్నాను. కింద బావ షాపులో కూర్చుంటున్నాను. పాత గొలుసులు కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో తోమడం నా పని. చేతులు నల్లగా అయిపోయాయి. అక్క సబ్బు అరిగిపోతోందని సణుగుతుంది. ఇక్కడ ఎవరూ నన్ను మాట్లాడించరు. సైకిలు తెచ్చినవాళ్ళు కూడా టైరు చూపించి ఊరుకుంటారు. అది నాకు ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

ఒక మాట. భోజనానికి లేచేటప్పుడు అద్దాన్ని బోర్లా పెట్టి లే. మరిచిపోకు. దాన్ని ఇంటికి మాత్రం తీసుకురాకు. శుభ్రం చేసి తెమ్మని వాళ్ళే ఇస్తుంటారు. తీసుకోకు.

పక్క సీట్లో ఉండే మాస్టారు ఎలా ఉన్నారు? బడిలో పాఠాలు చెప్పినాయన, పెద్దమనిషి. అడిగానని చెప్పు.

బొంగరానికి ముద్దులు.

నీ వదిన


ఇల్లు
ఆదివారం

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అద్దాన్ని చూసి భయపడమంటావు! దెయ్యం కథ చెప్పినట్టు చెబుతావు గానీ, ఎందుకో మాత్రం చెప్పవు. సీటు మార్చమని అడగలేదు. చేరి నాలుగు రోజులు కాకుండానే గొంతెమ్మ కోరికలనుకుంటారు.

నీతో ఒకటి చెప్పనా? బోర్డు మీద పైవరసలో నా నంబరు ఉంది. ఎవరి మాటకి ఎంతమంది మనసు మార్చుకుని కనెక్షన్ ఉంచుకున్నారో ఆ బోర్డు చెబుతుంది కదా. తేనెసీసా నా భుజం తట్టి, "మీ వదిన కంటే నువ్వు చాలా నయం. ఆవిడ మనసులో పెట్టుకుంటుంది, నువ్వు పెట్టుకోవు" అంది. నాకు ఒకవైపు గర్వంగానూ, ఒకవైపు నిన్ను అన్నందుకు కష్టంగానూ అనిపించింది.

మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. తండ్రి పేరు మీద కనెక్షన్ ఆపేయాలన్నాడు. వాళ్ళు నేర్పినట్టే అడిగాను: "మీ నాన్నగారు మా సేవలు ఎందుకు వదులుకుంటున్నారో తెలుసుకోవచ్చా అండీ?" "చచ్చిపోయాడమ్మా" అన్నాడు. అప్పటికే స్క్రీన్ మీద తర్వాతి ప్రశ్న వచ్చేసింది. అది అడగకపోతే కాల్ ముందుకు కదలదు. "అయితే వారికి సగం ధరకే కొనసాగించే సదుపాయం ఉందండీ" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఆయన నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి బొంగరానికి చెబుదామనుకుని ఆగిపోయాను. పిల్లకి చెప్పే జోకు కాదనిపించింది.

మాస్టారు సెలవులో ఉన్నారట. "నరాల బలహీనత" అని ఒకరు, "నాటకాలు" అని ఒకరు. నీ గురించీ అలాగే అంటున్నారు వదినా. నేను విని ఊరుకోలేదు, గట్టిగానే అడిగాను. కానీ అడిగేటప్పుడు నాకూ జవాబు తెలియదు. నీకు నిజంగా ఏం జరిగింది? గొంతు పోయిందన్నారు, మళ్ళీ వచ్చిందన్నారు. వచ్చాక ఇంకా సెలవెందుకు అంటే నేనేం చెప్పను?

నీ
పిచ్చుక


అక్క వాళ్ళ ఇల్లు
వాన రోజు

పిచ్చుకా,

నువ్వు అడిగింది న్యాయమే. చెబుతాను. మీ అన్నయ్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మా మేనమామ పోయినప్పుడు నువ్వు ఉద్యోగ పరీక్ష ఉందని రాలేదు గుర్తుందా? ఆయనను బయట పడుకోబెట్టారు. అత్తయ్య నా మీద పడి ఏడుస్తోంది. నాకూ లోపల ఏడుపు తన్నుకొస్తోంది. కానీ ఎదురుగా ఉన్నవాళ్ళంతా నన్ను అదోలా చూస్తున్నారు. అక్క వచ్చి నా చెవిలో "నీకేమైనా మతి పోయిందా? ఆ నవ్వేమిటి?" అంది. చేత్తో తడుముకున్నాను. నా పెదవులు రెండువైపులా పైకి లాగి ఉన్నాయి. దించుదామంటే దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అందరూ ఏడుస్తున్నాననుకున్నారు.

ఆ రోజు పని నుంచి సెలవు ఇవ్వలేదు. సాయంత్రం షిఫ్టుకి వచ్చెయ్యమన్నారు. వెళ్ళాను. మొదటి కాల్ ఎవరిదో భర్త పోయినావిడది.

ఆ తర్వాత అద్దంతో మొదలైంది. కాల్ వచ్చేముందు చెవిలో చిన్న టిక్ వినిపిస్తుంది కదా, అది వినగానే అద్దంలో ముఖం నవ్వేది. నేను ఇంకా నవ్వేదాన్ని కాదు. ముందు అది నవ్వేది, వెనకాల నేను. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అలిసిపోయి అలా అనిపించిందని డాక్టరు అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ నేను చూసింది చూశాను.

ఒకరోజు టిక్ వినిపించింది, అద్దం నవ్వింది, నా గొంతు మాత్రం రాలేదు. నోరు కదులుతోంది, శబ్దం లేదు. కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన అడిగినవి మూడే: కూర్చోగలవా, చెవులు వినిపిస్తున్నాయా, చేతులు ఆడుతున్నాయా. అన్నిటికీ తలూపాను. "పనికి వెళ్ళొచ్చు" అని రాసేశాడు. బయట మనం చూపించుకునే డాక్టరు నన్ను చూడగానే సెలవు రాశాడు. రాసి, "మీరు ఎందుకమ్మా అలా నవ్వుతున్నారు?" అని అడిగాడు.

అందుకే సెలవు. గొంతు వచ్చింది, నిజమే. ముఖం ఇంకా పూర్తిగా నా చేతికి రాలేదు.

నువ్వు నవ్వావని రాశావే, ఆయన ఏడుస్తుంటే, అది చదివినప్పటి నుంచి నాకు కాలుగాలిన పిల్లిలా ఉంది. ఆ పని వదిలెయ్. ఇల్లు ఎలాగోలా గడుస్తుంది.

నీ వదిన


ఇల్లు
మంగళవారం

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. రాసినందుకు ధన్యవాదాలు. మీ ఇబ్బందికి చింతిస్తున్నాను.

పని బాగుంది. చాలామంది ఒంట్లో బాగోక సెలవులు పెడుతున్నందువల్ల మిగిలినవాళ్ళం వాళ్ళ కాల్స్ కూడా చూస్తున్నాం. సెలవు రోజు కూడా వెళుతున్నాను. నాకేం అలసట లేదు.

మాస్టారు తిరిగి వచ్చారు. కంపెనీ డాక్టరు పనికి వెళ్ళొచ్చన్నారట. ఆయనంత చక్కగా ఎవరూ మాట్లాడలేరు. పొద్దున్న వచ్చినప్పటి నుంచి భోజనాల దాకా ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడారు. "తప్పకుండా అండీ, నాకు అర్థమైంది అండీ, మీరు లైన్‌లోనే ఉండండి అండీ" అని ఎంతో ఓపికగా. తర్వాత తెలిసింది, ఆయన లైను ఇంకా కలపనే లేదట. హెడ్‌సెట్ వైరు టేబుల్ కింద ఊరికే వేలాడుతోంది. ఎవరితో మాట్లాడారో మరి. తేనెసీసాకి చెబితే ఆవిడ నవ్వి, వైరు గుచ్చి వెళ్ళిపోయింది. మాస్టారు మాట ఆపలేదు. ఆయన భార్య సాయంత్రం వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మెట్లు దిగుతూ కూడా "లైన్‌లోనే ఉండండి" అంటూనే ఉన్నారు.

బొంగరం మెట్ల మీద నుంచి పడింది. మోకాలు చీరుకుపోయింది, నుదురు బొప్పి కట్టింది. కట్టు కట్టించాను, ఇప్పుడు బాగానే ఉంది. పడినప్పుడు నేను అక్కడే నిలబడి నవ్వుతూ ఉన్నానని, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా" అని అడిగానని అందరికీ చెబుతోంది. పిల్ల అబద్ధాలు నేర్చుకుంటోంది. మీరు కొంచెం మందలించగలరు.

మీకు ఇంకేదైనా తెలుసుకోవాలనిపిస్తే తప్పక రాయండి.

మీ
పిచ్చుక


అక్క వాళ్ళ ఇల్లు
గురువారం

పిచ్చుకా,

నువ్వు నన్ను ఎప్పుడైనా 'మీరు' అన్నావా? పెళ్ళినాడే "నువ్వు అంటాను, కోపమొస్తే మా అన్నయ్యకి చెప్పుకో" అన్నదానివి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది పోస్టు చేస్తే ఎన్నాళ్ళకి అందుతుందోనని, నిన్న నేను ఫోన్ దగ్గరికి వెళ్ళాను.

అవును, ఫోన్ దగ్గరికే. ఇంటికి చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. నీ సొంత ఫోను లాకర్లో ఉంటుంది. అందుకే ఆ సెక్షన్ నంబరుకే చేయమన్నాను. బావ నొక్కాడు. అక్క నా వెనకాల నిలబడి భుజాలు పట్టుకుంది. ఆ సంగీతం మొదలైంది, చాలాసేపు. ఎవరో ఎత్తారు, నువ్వు కాదు. పెట్టేశాను. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ ఎవరో. బావ ఇక చాలన్నాడు. ఇంకొక్కసారి అన్నాను.

నువ్వే ఎత్తావు. నీ గొంతు నాకు తెలియదా? "నమస్కారమండీ, మీకు ఎలా సహాయపడగలను?" అన్నావు.

"పిచ్చుకా, నేను వదినని" అన్నాను.

"వదినగారి పేరు మీద ఉన్న కనెక్షన్ గురించా అండీ?"

"కాదే. నేను. నీ వదినని మాట్లాడుతున్నాను."

"నాకు అర్థమైందండీ. మీ వదినగారు లేకపోవడం చాలా విచారకరం. వారి కనెక్షన్ సగం ధరకే కొనసాగించే సదుపాయం ఉందండీ."

నేను బతికే ఉన్నానని అరిచాను. నువ్వు "తప్పకుండా అండీ" అన్నావు. నీ నవ్వు నాకు వినిపించింది. ఆ నవ్వు నీది కాదు. నాది. నేను ఆ కుర్చీలో కూర్చుని నవ్విన నవ్వు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా అదే. నా చెవిలో నాకే వినిపించింది.

అక్క రిసీవరు లాగేసింది. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. బావ నీళ్ళు చల్లాడట.

ఈ ఉత్తరం అందగానే బొంగరాన్ని తీసుకుని ఎదురింటి నర్సమ్మ దగ్గరికి వెళ్ళు. ఆఫీసుకి వెళ్ళకు. ఒక్క రోజు వెళ్ళకు, నా మీద ఒట్టు.

నీ వదిన


ఇల్లు

వదినగారికి,

మీరు ఫోన్ చేశానని రాశారు. మా దగ్గర అటువంటి కాల్ ఏదీ నమోదు కాలేదు. టీమ్ లీడర్‌గారిని కూడా అడిగాను. అటువంటిదేం లేదన్నారు. మీకు ఒంట్లో బాగోలేదు కాబట్టి అలా అనిపించి ఉంటుంది. విశ్రాంతి తీసుకోగలరు.

ప్రయాణం పెట్టుకోవద్దు. ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. పాప కూడా ఇప్పుడు ఎక్కువ మాట్లాడడం లేదు. మంచి పిల్ల.

ధన్యవాదాలు.

(ఇదే కవరులో, రూళ్ళ కాగితం ముక్క మీద, పెన్సిలుతో)

అమ్మా అత్త రోజూ ఆఫీసు అద్దం ఇంటికి తెస్తుంది. అన్నం తినేటప్పుడు ఎదురుగా పెట్టుకుంటుంది. నేను పిలిస్తే నా వైపు తిరగదు. అద్దంలో చూసి అద్దంలో నాకు చెప్తుంది. నాకు బయం వేస్తుంది. నేను నర్సమ్మ వాళ్ళింట్లో పడుకుంటున్నాను. కాగితం అత్తకి చూపించకుండా కవర్లో పెట్టాను. నువ్వు రా.


సైకిల్ షాపు మీద గది
చలికాలం, శనివారం

వదినా,

నువ్వు వచ్చి నన్ను ఇక్కడికి పంపించాక ఇదే నా మొదటి ఉత్తరం. డాక్టరు ఇప్పటిదాకా రాయనివ్వలేదు. నువ్వు పడుకున్న మంచం మీదే పడుకుంటున్నాను. గొలుసుల పని నాకివ్వలేదు, మీ బావకి నా చేతుల మీద నమ్మకం లేదు. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడమంటాడు. బుడగ వచ్చిన చోట వేలు పెట్టి పిలవాలి. రోజంతా అదే. చాలా బాగుంది.

మీ అక్క ఇంట్లో అద్దాలన్నీ తీసేసింది. ఆవిడ నుదుట బొట్టు రోజుకో పక్కకి ఉంటోంది. నిన్న కనుబొమ్మ మీద ఉంది. అది చూసి నవ్వొచ్చింది. వెంటనే భయమేసి నోరు మూసుకున్నాను. ఆవిడ నా చెయ్యి తీసేసి, "నవ్వితే నవ్వు, నాకేం" అంది.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ రోజు ఏం జరిగింది? నాకు నీ చెయ్యి గుర్తుంది, నల్లగా, కిరసనాయిలు వాసన. అంతకుముందుది ఏదీ గుర్తులేదు. ఎన్నో వారాలు, ఎవరో బతికినట్టున్నాయి. బొంగరం పడినప్పుడు నేను నిజంగా నవ్వానా? దాన్ని అబద్ధాలకోరు అని రాశానా?

నీ
పిచ్చుక


ఇల్లు
సోమవారం

పిచ్చుకా,

నవ్వావు. రాశావు. బొంగరం దానికి నీ మీద కోపం తెచ్చుకోలేదు. "అత్త అప్పుడు లోపల లేదు కదా" అంది. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ రోజు సంగతి. బస్సు దిగి నేరుగా ఆఫీసుకే వచ్చాను. ఉద్యోగం ఇంకా పోలేదు కాబట్టి నా కార్డుకి తలుపు తెరుచుకుంది. హాల్లో అడుగుపెట్టాను. అంతమంది ఒకేసారి మాట్లాడుతున్నారు, అయినా ఎవరూ లేనట్టుంది. అందరూ అద్దాల్లోకి చూస్తున్నారు. నేను నడుస్తుంటే ఒక్క తల తిరగలేదు. అద్దాల్లో మాత్రం కళ్ళు నా వెంట వచ్చాయి.

నువ్వు స్తంభం పక్కన ఉన్నావు. బాగా చిక్కిపోయావు. "పిచ్చుకా, లే" అన్నాను. నువ్వు అద్దంలో నన్ను చూసి, "ఒక్క క్షణం లైన్‌లో ఉండండి" అన్నావు.

అప్పుడు తేనెసీసా వచ్చింది. "ఓ, మీరా! ఒంట్లో ఎలా ఉంది? ఫిట్ సర్టిఫికెట్ తెచ్చారా?"

"చేరడానికి రాలేదు. మా పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చాను."

"షిఫ్టు మధ్యలో అలా కుదరదు కదా. పైనుంచి నన్ను అడుగుతారు. మీకు తెలియనిదేముంది?"

గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ టేబుల్ మీది అద్దం తీసి ఆమె ముఖానికి ఎదురుగా పట్టాను. "మీరూ చూసుకోండి" అన్నాను. ఏదో కసి తీర్చుకుందామనే పట్టాను, అబద్ధమెందుకు. ఆమె చూసుకుంది. నవ్వు అలాగే ఉంది. దాని మీద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి. బుగ్గలు కదలడం లేదు, నీళ్ళు మాత్రం వస్తున్నాయి. "అటు తిప్పండి. దయచేసి అటు తిప్పండి" అంది, అదే నవ్వుతో, అదే గొంతుతో. నా చెయ్యి దానంతటదే దిగిపోయింది.

నీ చెవుల నుంచి హెడ్‌సెట్ తీశాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. అందులోంచి ఎవరిదో సన్నగా ఏడుపు వినిపిస్తోంది. నువ్వు ఆ ఏడుపుకి సగం ధర చెబుతున్నావు. నాకు ఏం ధైర్యం వచ్చిందో తెలియదు, చెవికి పెట్టుకున్నాను. ఒక పెద్దావిడ. కొడుకు ఫోనుట. "ఆపెయ్యమ్మా, మోగుతుంటే వాడే అనుకుంటున్నాను" అంటోంది. స్క్రీన్ మీద ప్రశ్నలన్నీ దాటేసి ఆపేశాను. "ఆపేశానమ్మా. ఇక మోగదు. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?" అన్నాను. కోడలు ఉందంది. "ఆ అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి" అని పెట్టేశాను.

అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నీకు గుర్తున్నది అక్కడి నుంచే కాబోలు.

ఇక్కడి సంగతులు. మాస్టారి భార్యా, నేనూ, ఇంకో ఇద్దరమూ కలిసి లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసరు ముందు నమ్మలేదు. ఎంతమంది సెలవుల్లో ఉన్నారో చూశాక స్వయంగా వచ్చి హాల్లో నిలబడ్డాడు. కాసేపటికే చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అద్దాలు తీయించారు. కంపెనీ డాక్టరు మాట ఒక్కటే చెల్లదన్నారు. ఒంట్లో బాగోక సెలవులో ఉన్నవాళ్ళని తిరిగొచ్చాక ఫోన్ల మీద కూర్చోబెట్టకూడదన్నారు. నన్ను స్టోరు గదిలో వేశారు, సగం పూట. వైర్లూ కుర్చీలూ చూసుకోవడం. మాట్లాడే పని లేదు.

కానీ పిచ్చుకా, మొన్న పనిమీద ఆ హాల్లోకి వెళ్ళాల్సి వచ్చింది. అద్దాలు లేవు. అయినా అందరూ అవి ఉన్న చోటునే చూస్తున్నారు. చెక్క వైపు చూసి నవ్వుతున్నారు. నేను కుర్చీ దించేసి వచ్చేశాను.

నీ వదిన


ఇల్లు
ఆదివారం

పిచ్చుకా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. నీకు చెప్పకుండా ఉండలేను. చెబితే ఏమంటావోనని భయంగానూ ఉంది.

నిన్న పొద్దున తలుపు చప్పుడైతే బొంగరం తీసింది. తీసి, "అమ్మా, ఎవరో నవ్వుతున్నారు" అంటూ నా వెనక్కి వచ్చి దాక్కుంది. తేనెసీసా. చెప్పులు లేవు. చీర తిన్నగా కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది, ఆ నవ్వు అలాగే పెట్టుకుంది. "మీకు సెలవు రాసిన డాక్టరుగారి చిరునామా కావాలండీ" అంది. "కంపెనీ డాక్టరు పనికి వెళ్ళొచ్చన్నారు. నేను వెళుతూనే ఉన్నాను. కానీ మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వడం లేదు. నువ్వెవరు అంటోంది."

తలుపు మూసేద్దామనుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, చెయ్యి తలుపు మీదే ఉంది. మేనమామ పోయిన రోజు షిఫ్టుకి రమ్మన్నది ఈవిడే. నిన్ను నా కుర్చీలో కూర్చోబెట్టింది ఈవిడే. అందరి కాల్స్ వినే పనిలో ఉండి, నేను నీకు చేసిన కాల్ రాలేదన్నది ఈవిడే.

లోపలికి రమ్మన్నాను. బీరువా అద్దానికి దుప్పటి కప్పి, గోడ వైపు కూర్చోబెట్టాను. నీళ్ళిస్తే గ్లాసులో తన నీడ చూసుకుని ఆగిపోయింది. బొంగరమే లేచి మూత ఉన్న బాటిల్ తెచ్చిచ్చింది. పిల్లకి ఎలా తెలిసిందో!

మీ అన్నయ్య లారీ దిగి వచ్చి ఆవిడని చూసి, నన్ను పక్కకి పిలిచి "నీకేమైనా పిచ్చా?" అన్నాడు. "అవును, సర్టిఫికెట్ కూడా ఉంది" అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. పోవాల్సినప్పుడు పోయింది కూడా.

డాక్టరుకి చూపించాం. లాంగ్ లీవు రాశాడు, ఆ పనికీ ఆ హాలుకీ దూరంగా ఉంచమన్నాడు. ఆమెకి వెళ్ళడానికి చోటు లేదు. నిన్ను అడగకుండా అక్కని అడగలేను. ఆ గది ఇప్పుడు నీది. వద్దంటే వద్దు. నేను నొచ్చుకోను.

నీ వదిన


సైకిల్ షాపు మీద గది
గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. ముక్కలు కిరసనాయిలు డబ్బాలో పడేశాను. మీ బావ ట్యూబు ఇస్తే బుడగ వచ్చిన చోట వేలు పెట్టకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆయనే విసుక్కుని వేలు పెట్టుకున్నాడు.

సాయంత్రం మీ అక్కతో చెప్పాను. ఆవిడ "నువ్వు వచ్చిన రోజు నీ ముఖం చూసి నేను కూడా తలుపు వేసేద్దామనుకున్నాను తల్లీ" అంది.

నాకు ఆవిడ మీద కోపం పోలేదు. పోతుందని మాటివ్వలేను. ఆవిడ గొంతు వినిపిస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. కానీ నాలోపల ఎవరూ లేకుండా ఉన్నన్నాళ్ళు ఎలా ఉందో నాకు తెలుసు. అక్కడ ఇంకొకరు ఉన్నారని తెలిసి ఇక్కడ నేను నిద్రపోలేను.

పంపించు. మీ బావ ఒప్పుకోలేదు, మీ అక్క ఒప్పించింది. కింద స్పోకుల గదిలో మంచం వేస్తున్నారు. నా గదిలోకి మాత్రం రావద్దని చెప్పు. ఇప్పుడే కాదు.

ఒక్క జాగ్రత్త తీసుకో. పగటి బస్సు ఎక్కించు, వదినా. నేను వచ్చింది సాయంత్రం బస్సులో కదా, దారిలో ఏమైందో నీకు తెలియదు. చీకటి పడగానే కిటికీ అద్దమైపోతుంది. దిగేదాకా అందులో నా పక్కన ఒకతె నవ్వుతూ కూర్చుంది.

నీ
పిచ్చుక